ఎవరూ చెయ్యెత్తని వాక్యం

కట్ట తెగిన రోజు పొద్దున్నే మైకు బండి వీధి వీధికీ తిరిగింది. "నది మట్టం పెరుగుతోంది. ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అని చెప్పుకుంటూ పోయింది. కట్ట మీద ఓవర్సీరుగా పనిచేసే టీచరు భర్త ఆ మాట విన్నాడు. చెప్పినట్టే చేశాడు. అప్రమత్తంగా ఉండడానికి గొడుగు, విజిల్ తీసుకుని కట్ట మీదికి వెళ్ళాడు. మధ్యాహ్నానికి కట్ట లేదు, అతనూ లేడు. వెళ్ళిపొమ్మని చెప్పి ఉంటే అతను ఇంటినీ వీధినీ లేవదీసుకుని వెళ్ళిపోయేవాడు. వెళ్ళిపొమ్మని ఎవరూ చెప్పలేదు.

తర్వాత కట్టను మళ్ళీ పోశారు. దాని కింద పేట మళ్ళీ నిండింది. టీచరు మళ్ళీ బడికి వెళ్ళసాగింది. ఒక్క మాటల దగ్గర మాత్రం ఆమెకు పట్టింపు ఎక్కువైంది. ఎవరైనా పిల్ల 'కొంచెం దూరం' అని రాస్తే, ఎంత దూరమో రాసేదాకా వదిలేది కాదు. అందుకే చట్టాల ముసాయిదాలు రాసే కార్యాలయంలో పనిచేసే మరిది వచ్చి, "వదినా, వాతావరణ మార్పు మీద బిల్లు వస్తోంది. అందులో మన కట్ట సంగతి ఉంది. వినికిడిలో మీరు చదవాలి" అన్నప్పుడు ఆమె కాదనలేదు.

ఆ కార్యాలయానికి ఒక పద్ధతి ఉంది. చట్టం ఎవరి బతుకు మీద పడుతుందో వాళ్ళలో కొందరిని పిలిచి, వినికిడి గదిలో కూర్చోబెట్టి, బిల్లును వాక్యం వాక్యంగా చదివి వినిపిస్తారు. నమ్మకం కలగని చోట వినేవాళ్ళు చెయ్యెత్తుతారు. చేతులు లేచిన వాక్యం, అదున్న సెక్షన్‌తో సహా, వెనక్కి వెళుతుంది. చదివేవాళ్ళు ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట వదలకూడదు. ఆఖరున పేటలోనే, అందరి ముందూ బహిరంగ వినికిడి జరుగుతుంది. అక్కడ చేతులు లేవకపోతేనే బిల్లు సభలో ఓటుకు వెళుతుంది.

పోయిన వారం టీచరు ఆ గదిలో కట్ట గురించిన వాక్యం చదివింది. "కట్టకు ఏటా మరమ్మతులు చేసి, దానిని ఇప్పుడున్న స్థితిలో కాపాడతారు." ఒక్క చెయ్యీ లేవలేదు. ప్రతిదానికీ ఎందుకని అడిగి అడిగి 'ఎందుకమ్మ' అని పేరు తెచ్చుకున్న దర్జీ ఆవిడ చెయ్యి కూడా చివరికి ఒళ్ళోనే ఉంది. మాటలు చివరికి తిన్నగా కుదిరాయనుకుంది టీచరు. భర్త పోయాక ఆమె తేలిగ్గా నడిచి ఇల్లు చేరింది ఆ ఒక్క సాయంత్రమే.

ఆ తేలిక వారం కూడా నిలవలేదు.

బహిరంగ వినికిడి ఇంక ఎల్లుండే అనగా, బడి వదిలి వస్తుంటే వీధి మలుపులో కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"టీచరమ్మా, ఆగండాగండి! మీకోసం ఒకటి కుట్టాను."

ఎందుకమ్మ కొట్టంటే మేడమెట్ల కింద ఇరుకు చోటు. మిషను లోపల, కుర్చీ సగం బయట. ఆమె కుర్చీలోంచి లేవకుండానే వెనక్కి వంగి, నీలం రంగు సంచి ఒకటి తీసి టీచరు చేతిలో పెట్టింది. అంచులకు రెండు వరుసల కుట్టు, పైన మడత మీద మడత.

"పుస్తకాలకి. బకెట్లో ముంచి చూసుకోండి, ఒక్క పేజీ తడిస్తే నా మిషను తూకానికి అమ్మేస్తాను. డబ్బుల మాటెత్తారో, రేపట్నుంచి మీ బట్టలు కుట్టను."

టీచరు నవ్వింది. సంచిని వేళ్ళతో తడిమి చూసింది. గుడ్డ మందంగా, జారుడుగా ఉంది. "ఇంత గట్టి గుడ్డ ఎక్కడ దొరికింది?"

"దొరకడమేంటి, మా టార్పాలిన్ పట్టా కదూ! వరదప్పుడు కప్పుకుంటామని అటక మీద దాచాం చూడండి, అదే. మా ఆయన కత్తిరించొద్దని ఒకటే గోల. ఇంకెందుకయ్యా దాచుకోవడం అన్నాను. పక్కింటివాళ్ళూ వాళ్ళ పట్టా తెచ్చి పడేశారు. ఈ వరసంతా సంచులే ఇప్పుడు."

టీచరు చేతిలో సంచి అలాగే ఆగిపోయింది. "ఎందుకు కత్తిరించావు?"

"అయ్యో, ఇవాళ ఎందుకు అనేది మీరా!" అని ఎందుకమ్మ పడీ పడీ నవ్వింది. "మీరు చేసిన పని మాకు తెలియదనుకున్నారా? మీకంటే ముందు ఆ గదిలో కళ్ళద్దాల గుమాస్తా ఒకాయన చదివాడు. అప్పుడు మీరు చదివిన మాటే ఉంది, దాని వెనకాల ఇంకో మాట కూడా ఉంది. 'కట్ట ఎత్తు ఇక పెంచరు. పెరిగే నీటిని అది ఆపలేదు' అని. వినగానే గదంతా చేతులే. నేనైతే రెండు చేతులూ ఎత్తాను. మనిషికి ఒక చెయ్యే అని ఆయన నా మీద కోప్పడ్డాడు కూడా. మీరొచ్చి చదివేసరికి ఆ రెండో మాట లేదు. మీరే పోట్లాడి తీయించారని అందరికీ తెలిసిపోయింది. అంటే ఇప్పుడు ఎత్తు పెంచుతున్నట్టేగా!"

టీచరు ఒక్కో మాటా విడిగా పలికింది. "నేను ఎవరితోనూ పోట్లాడలేదు. ఇంకో వాక్యం ఉందని కూడా నాకు తెలియదు."

"మీరలాగే అంటారు."

"నిజం చెబుతున్నాను."

"చెప్పండి చెప్పండి. గొప్ప మీరు చెప్పుకోరు, మీ సంగతి మాకు తెలియదా? మీ ఆయనా అంతేగా. ఆ కట్టని కాచి పేట మొత్తాన్ని నిలబెట్టి, నేనేం చేశాను అనేవాడు."

కాదంటున్నకొద్దీ ఎందుకమ్మ కళ్ళలో గౌరవం పెరుగుతోంది. టీచరు గొంతు తగ్గించి అడిగింది. "నీకు అనుమానం రాలేదా? ప్రతిదానికీ అడిగేదానివి."

ఎందుకమ్మ నవ్వు ఆపింది. దారపు కండెను వేళ్ళ మధ్య తిప్పుతూ, "వచ్చింది" అంది. "చెయ్యి సగం లేచింది కూడా. పక్కనున్నావిడ మోచెయ్యి పట్టుకుని లాగింది. 'ఆ కట్ట మీద మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషే, ఆవిడ మనకి తప్పు చదువుతుందా' అంది. నాకు సిగ్గేసింది టీచరమ్మా. దించేశాను."

టీచరు ఇంటివైపు వెళ్ళలేదు. సంచి చంకలో పెట్టుకుని బస్సెక్కింది.

కార్యాలయంలో మరిది గది మూడో అంతస్తులో ఉంది. దానికి ఒక కిటికీ ఉంది కానీ, తెరిస్తే చేతికి అందేంత దూరంలో పక్క భవనం గోడ. తలుపుకు స్ప్రింగు ఉంది. ఎవరు వచ్చినా వాళ్ళ వెనకే అది తనంతట తాను మూసుకుంటుంది. మిగతా బల్లలన్నీ ఖాళీ అయ్యాయి. మరిది టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఎర్ర పెన్సిలుతో ఏదో కొట్టేస్తున్నాడు.

"వదినా! కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా. కూర్చోండి, టీ చెబుతాను."

"రెండో వాక్యం ఎక్కడుంది?"

పెన్సిలు కింద పెట్టాడు, మళ్ళీ తీశాడు. "ఏ రెండో వాక్యం?"

"ఆ వాక్యం రాసిందెవరు?"

అతను ఆమె మొహం చూశాడు. ఈమె ముందు చిన్నప్పుడు వ్యాసాలు రాసి చూపించినవాడు. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఆమె అతని వాక్యాల్లో ఎక్కడ ఏది దాచాడో వేలుపెట్టి చూపించేది. ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"నేనే."

"తీసింది?"

"అదీ నేనే."

ఆమె అప్పుడు కూర్చుంది. నీలం సంచిని బల్ల మీద పెట్టింది. "ఇది టార్పాలిన్ పట్టా. వరదకని దాచుకున్నది. కత్తిరించి సంచులు కుట్టుకుంటున్నారు. నేను పోట్లాడి కట్ట ఎత్తు పెంచిస్తున్నానట."

మరిది సంచివైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "అలా అర్థం చేసుకుంటారని అనుకోలేదు వదినా. ఒట్టు. చిన్న అనుమానం కూడా రాలేదు. మాట తీసేస్తే మరిచిపోతారనుకున్నాం. తీసేశారు కాబట్టి ఎత్తు పెంచకూడదన్న నిర్ణయాన్నే మానుకున్నారని అనుకుంటారని..." అతను పెన్సిలు బల్ల మీద దొర్లించాడు. "మాకు ఎవరికీ తట్టలేదు."

"ఎత్తు పెంచడం కుదరదా?"

"కుదరదు. ఇంజినీర్లు తేల్చేశారు. ఇంకా పోస్తే కింది నేల ఆ బరువు మోయదు. ఏటికేడు వాన ఒక్కసారిగా కుమ్మరిస్తోంది. అటు సముద్రం మట్టం పెరిగి నదిని వెనక్కి తోస్తోంది. కట్ట ఇంకొన్నేళ్ళు నిలబడుతుందేమో. నీళ్ళు దాని మీంచి వస్తాయి."

"మరి ఆ మాట చెప్పాలి కదా."

"చెప్పాం!" అతను లేచి నిలబడ్డాడు. "చెప్పలేదంటారేంటి? అన్నయ్య పోయాక నేను రాసిన మొదటి వాక్యం అదే. ఆ రోజు మైకులో చెప్పాల్సింది చెప్పలేదు, నేనైనా రాస్తానని రాశాను. చదివిన ప్రతిసారీ చేతులు లేచాయి. నమ్మలేక కాదు, భయపడి ఎత్తారు. భయానికీ అపనమ్మకానికీ మా పద్ధతిలో ఒకటే చెయ్యి! చేతులు లేస్తే సెక్షన్ మొత్తం వెనక్కి. ఆ సెక్షన్లోనే మెరక మీద కట్టి ఇచ్చే ఇళ్ళున్నాయి. ఈ సమావేశాల్లో ఓటు పడకపోతే మళ్ళీ వానలు వెళ్ళాకే. ఈ వానలకు ఏం జరుగుతుందో ఎవరు చూడొచ్చారు? కమిటీ పెద్దలు ఒకటే మాటన్నారు, ఆ వాక్యమో ఆ ఇళ్ళో ఏదో ఒకటి తేల్చుకోమని. నేను ఇళ్ళు తీసుకున్నాను. మీరైతే ఏం చేసేవారు?"

ఆ ప్రశ్న న్యాయమైనదే అని ఆమెకు తెలుసు.

"కట్ట ఉంటుందని నమ్మినవాళ్ళు మెరక ఇళ్ళకి ఎందుకు పోతారు?" అంది చివరికి.

"చట్టం రానివ్వండి. తర్వాత నియమాల్లో వివరంగా రాస్తాం. అప్పుడు ఇంటింటికీ వెళ్ళి చెబుతాం."

"అప్పుడు చెబితే నమ్ముతారా?"

మరిది టీ గ్లాసు పక్కకి జరిపాడు.

"ఎల్లుండి నేను చదవను" అంది ఆమె.

"గుమాస్తా చదువుతాడు. మీరెందుకు చదవడం లేదని అందరూ అడుగుతారు. చేతులు లేస్తాయి. ఇళ్ళు పోతాయి."

"రెండో వాక్యం కలిపి చదువుతాను."

"కలిపిన క్షణంలో వినికిడి చెల్లదు. ఇళ్ళు పోతాయి."

"రేపే ఇంటింటికీ వెళ్ళి నిజం చెబుతాను. అన్నీ తెలిసే ఎల్లుండి చేతులు దించి కూర్చోమని బతిమాలుతాను."

ఈసారి అతను ఆమె కళ్ళలోకి చూశాడు. "చెప్పొచ్చు. ఎవరూ అడ్డురారు. అంటే, నమ్మని మాటను నమ్మామని అందరి ముందూ చూపించమని మీరే నేర్పుతారన్నమాట. మీ దగ్గర చదువుకున్న పిల్లలు, వాళ్ళ తల్లులు. మీరు చేయగలిగితే చేయండి వదినా. నేను కాదనను."

గదిలో ఉక్కగా ఉంది. ఆమె లేచి కిటికీ రెక్క తీసింది. ఎదుట గోడ. గోడ మీద పాత వాన నీటి చార ఒకటి కిందికి దిగి ఉంది. ఆమె దాన్ని చూస్తూనే అడిగింది.

"ఒక్కటి చెప్పు. చదవడానికి నన్నెందుకు పిలిచావు?"

"మీ గొంతు స్పష్టంగా ఉంటుంది. అందరికీ అర్థమయ్యేలా..."

"నాతోనా ఆ కబుర్లు?"

స్ప్రింగు తలుపు గాలికి ఒకసారి కదిలి మూసుకుంది. అప్పుడు అతని మాట వినిపించింది, ఎవరో వేరే మనిషి మాట్లాడినట్టు. "మీరు చదివితే కట్ట కింద ఎవరూ చెయ్యెత్తరని. అన్నయ్య భార్య కదా అని."

ఆమె కిటికీ రెక్క మూసి, గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో చూసింది. కోపం వచ్చినప్పుడు క్లాసులో కూడా ఆమె ముందు సుద్దముక్కను దాని చోట్లో పెట్టేది, తర్వాతే మాట్లాడేది.

"అయితే ఆ రోజు చదివింది నేను కాదు" అంది. "మీ అన్నయ్యని తీసుకొచ్చి చదివించావు."

మరిది తల బల్లకేసి వంచుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. ఒకప్పుడైతే ఆమె వెళ్ళి తల మీద చెయ్యి వేసేది. ఇప్పుడు కూడా వేయాలనే ఉంది. వేస్తే, పోనీలే అన్నట్టవుతుంది. ఆమె సంచి తీసుకుని బయటికి వచ్చింది. వెనకాల తలుపు తనంతట తాను మూసుకుంది.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. ముందుగది నడుమ అటక మీది ఇనప్పెట్టె కింద పెట్టి ఉంది. మూత తెరిచి ఉంది. అత్తగారు ముక్కాలిపీట మీద కూర్చుని, కొడుకు చొక్కాలు ఒక్కొక్కటే దులిపి, మడతపెట్టి, బీరువా అడుగు అరలో సర్దుతోంది. వరద తర్వాత ఆ ఇంట్లో అడుగు అరలు ఖాళీగానే ఉంటున్నాయి. విలువైనదేదైనా అటకెక్కాల్సిందే.

"వచ్చావా అమ్మాయ్? పక్కింటాయన చేత దింపించాను. ఎన్నాళ్ళని అంత ఎత్తున పెడతాం, చూడాలనిపిస్తే నా మోకాళ్ళతో నిచ్చెనెక్కగలనా? ఇక్కడైతే చేతికందుతాయి."

"అత్తయ్యా, ఎందుకు దింపించారు?"

"నీళ్ళు రావుగా ఇంక." ఆమె ఒక చొక్కా కాలరు వేళ్ళతో సరిచేసింది. "అన్నట్టు, మెరక ఇళ్ళకి పేర్లు రాసుకునే ఆవిడ వచ్చింది. మాకొద్దని చెప్పేశాను. మా కోడలే చదివిందమ్మా, కట్టకి ఢోకా లేదు, నా కొడుకు తిరిగిన ఇల్లు వదిలి ఆ మెరక మీద నేనేం చేసుకోను అన్నాను. నేను అనడమే ఆలస్యం, వీధి వీధంతా మాకూ వద్దు మాకూ వద్దని! ఆవిడ బిత్తరపోయింది. ఎల్లుండి సాయంత్రం దాకా మనసు మార్చుకోవచ్చట. ఎవరు మార్చుకుంటారు?"

టీచరు చెప్పులు విడవడం మరిచిపోయి గడపలోనే నిలబడింది.

"చెప్పులతో వచ్చేస్తున్నావు చూడు. అలిసిపోయావు. కూర్చో." అత్తగారు పక్కనున్న చొక్కాలు జరిపి చోటు చేసింది. "ఒక సంగతి అడగనా? కాదనకు. మొన్న ఆ గదికి నేను రాలేకపోయాను. అందరూ వచ్చి ఎంత బాగా చదివిందో మీ కోడలు అంటుంటే కడుపు నిండిపోయింది. నాకూ ఒకసారి వినిపించు. ఆ కట్ట మాటే."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. వాడి బట్టల ముందు వింటాను."

టీచరు వచ్చి నేల మీద కూర్చుంది. చూసి చదవాల్సిన పని లేదు, ఆ వాక్యం నోటికి వచ్చేసింది. ఆ రెండోదీ ఎందుకమ్మ నోట ఒక్కసారి వింటే వచ్చేసింది. అత్తగారు చేతిలో చొక్కాను ఒళ్ళో పెట్టుకుని, బడిలో పిల్లలాగా వెన్ను నిటారు చేసి కూర్చుంది.

"కట్టకు ఏటా మరమ్మతులు చేసి" అని మొదలుపెట్టింది టీచరు. గొంతు స్పష్టంగానే ఉంది. అదే ఆమెను భయపెట్టింది. "దానిని ఇప్పుడున్న స్థితిలో కాపాడతారు."

అత్తగారు కళ్ళు మూసుకుని విన్నది. ఆమె మొహంలో ఏడాదిగా బిగిసి ఉన్నదేదో సడలింది. కాసేపాగి కళ్ళు తెరిచి, నవ్వుతూ అడిగింది.

"అంతేనా?"

ఆ అడగడంలో అనుమానం లేదు. ఇంత చిన్న మాట లేకేనా మేం ఇంతకాలం నిద్రపోనిది అన్నట్టు అడిగింది. ఒళ్ళో చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెడుతూ జవాబు కోసం కోడలి మొహంలోకి చూస్తోంది.

బీరువా అడుగు అర నిండింది. ఇనప్పెట్టె ఖాళీ అయింది. రెండో వాక్యం ఆమె ఇంకా ఎవరికీ చదవలేదు.